మందబుద్ధి బిడ్డల వైద్యుడు: జాన్ లాంగ్డన్ డౌన్ జీవితం

ఆసుపత్రి కాగితం మీద డౌన్స్ సిండ్రోమ్ అనే మాట చూసి, డౌన్ అంటే కింద అని గదా, ఎదుగుదలలో కిందుగా ఉన్న బిడ్డ అని డాక్టరు రాశారేమో అనుకునే తలిదండ్రులు ఉన్నారు. అది సరి కాదు. డౌన్ అనేది ఇంగ్లండు దేశపు ఒక వైద్యుని ఇంటిపేరు. ఆయన 1896లో మరణించారు. మందబుద్ధి గల బిడ్డలకు అన్నం తినడం, చొక్కా గుండీ పెట్టుకోవడం, నాలుగు మాటలు పలకడం నేర్పే పనిలో, ఆ పని చేయగల మనుషులను తయారుచేసే పనిలో ఆయన దాదాపు నలభై ఏండ్లు గడిపారు. కోలారు గనుల నుండి షోలాపూరు వరకు, బరంపురం నుండి యానాం వరకు మన సంఘాల కుటుంబాల్లో నర్సింగు చదివే పిల్లలు ఉన్నారు. వారు చదివే పుస్తకంలో ఈ పేరు ఒక పేరాలో వచ్చి పోతుంది. ఆ పేరు గల మనిషిని గూర్చి ఈ పేజీలో కొంచెం వివరంగా చెప్పదలచాము.

జాన్ లాంగ్డన్ డౌన్ 1828 నవంబరు 18న ఇంగ్లండు నైరుతి మూలనున్న కార్న్‌వాల్ సీమలో, టార్‌పాయింట్ అనే చిన్న ఊరిలో జన్మించారు. తండ్రికి మందుల దుకాణం ఉండేది. 14 ఏండ్ల వయసులోనే బడి మాన్పించి కుమారుని దుకాణంలో కూర్చోబెట్టారు. పొట్లాలు కట్టడం, మందులు నూరడం, సీసాలు కడగడం ఆయన నేర్చుకున్న మొదటి విద్య.

ఆయనకు సుమారు 18 ఏండ్లు ఉన్నప్పుడు జరిగిన ఒక సంగతిని తరువాత ఆయనే చెప్పుకున్నారు. కుటుంబమంతా బయటికి వెళ్ళిన రోజున పెద్ద వాన పట్టుకుంది. దగ్గరలోని ఒక గుడిసెలో తలదాచుకున్నారు. అక్కడ వారికి ఉపచారం చేసిన అమ్మాయి మందబుద్ధి గలది. ఈ అమ్మాయి కోసం ఏమీ చేయలేమా అనే ప్రశ్న ఆ యువకుని మనసులో పడి పోలేదు. అటువంటి పిల్లలు అన్ని ఊళ్ళలోనూ ఉంటారు. వాన వెలిసిన తరువాత కూడా ఆ పిల్లను గూర్చి ఆలోచించినవారు ఆ రోజుల్లో అరుదు. మన రోజుల్లో మాత్రం ఎక్కువ అని మేము అనలేము.

ఆయన లండను వెళ్ళి, వైట్‌చాపెల్ రోడ్డులో ఒక సర్జన్ దగ్గర పనికి కుదిరారు. పళ్ళు పీకడం, రోగులకు రక్తం తీయడం, మందులు కలపడం ఆ పని. తరువాత ఫార్మసీ సొసైటీ వారి ప్రయోగశాలలో చేరి రసాయన శాస్త్రంలో పేరు తెచ్చుకున్నారు. విద్యుత్తు శాస్త్రంలో ప్రసిద్ధుడైన ఫెరడేకు కూడా కొంతకాలం సాయపడ్డారు. ఇంటి అవసరం వచ్చి మళ్ళీ ఊరికి వెళ్ళి దుకాణం చూసుకున్నారు. 1853లో తండ్రి మరణించాకనే వైద్య విద్యకు దారి దొరికింది. అప్పటికి ఆయనకు 24 ఏండ్లు దాటాయి. లండను హాస్పిటల్‌లో చేరి, ఆలస్యంగా వచ్చినా తోటివారిని దాటి బంగారు పతకాలు సంపాదించారు. 1856లో వైద్యుడుగా అర్హత పొందారు. ఇంత తెలివైనవాడు లండనులో పెద్ద డాక్టరు అవుతాడని అందరూ అనుకున్నారు.

1858లో ఆయన ఎర్ల్స్‌వుడ్ శరణాలయానికి మెడికల్ సూపరింటెండెంటుగా వెళ్ళారు. స్నేహితులు ఆశ్చర్యపోయారు. ఆ పదవి అంటే వైద్య లోకంలో ఎవరికీ గౌరవం లేదు.

ఆ శరణాలయం చరిత్ర మన పాఠకులకు ఆసక్తిగా ఉంటుంది. దానిని స్థాపించినవాడు ఆండ్రూ రీడ్ అనే పాస్టరు. ఆయన ఇండిపెండెంటు సంఘస్థుడు, అనగా మన బాప్టిస్టుల వలెనే ప్రతి స్థానిక సంఘం తన పరిపాలన తానే చేసుకోవాలనే పద్ధతివాడు. అనాథ పిల్లలకు ఇండ్లు కట్టించిన తరువాత, మందబుద్ధి గలవారికి ఇంగ్లండులో ప్రత్యేకమైన చోటు లేదని గమనించి, 1847లో పని మొదలుపెట్టారు. అప్పటి వరకు అటువంటివారు పిచ్చి ఆసుపత్రిలోనో, పేదల కొంపలోనో, ఇంటి వెనుక గదిలోనో ఉండేవారు. పిచ్చికి, మందబుద్ధికి తేడా తెలియని కాలం అది. ఒకటి పెరిగిన మనసుకు వచ్చే జబ్బు, రెండవది మనసు ఎదుగుదలే తక్కువ కావడం. మన భాషలోనూ రెంటికీ వెర్రి అనే మాటనే వాడేస్తాము. 1855లో సర్రే సీమలో రెడ్‌హిల్ దగ్గర పెద్ద భవనం కట్టి, దానికి ఇడియట్ల శరణాలయం అని పేరు పెట్టారు. ఆ మాట ఇప్పుడు తిట్టు. అప్పుడు చట్టంలో, వైద్యంలో వాడే మామూలు మాట.

శరణాలయం చందాలతో నడిచేది. చందాదారులకు ఓట్లు ఉండేవి. ఎవరి బిడ్డను చేర్చుకోవాలో ఎన్నిక జరిగేది. ఒక పేద తల్లి తన బిడ్డకు చోటు కావాలంటే చందాదారుల ఇండ్ల చుట్టూ తిరిగి ఓట్లు అడుక్కోవాలి. ధర్మకార్యంలో ఇదేమి పద్ధతి అని మనకు తోచవచ్చు గాని, ఆ కాలపు ఇంగ్లండులో అనేక ధర్మసంస్థలు ఇలాగే నడిచాయి.

డౌన్ వెళ్ళేటప్పటికి పేరు గొప్పగా, లోపల పరిస్థితి హీనంగా ఉంది. ప్రభుత్వ తనిఖీ అధికారులు అప్పటికే తప్పులెన్నారు. ఇరుకు, మురికి, శిక్షలు. అక్కడ బిడ్డలను చూసే పరిచారకులకు ఏ శిక్షణా లేదు. జీతం కోసం వచ్చి, తెలిసినట్టు చేసి, విసుగు వస్తే చేయి చేసుకునేవారు. కొత్త సూపరింటెండెంటుకు కూడా ఈ విషయంలో అనుభవం లేదు, వయసు 30 నిండలేదు. మొదట శారీరక దండనను ఆపించారు. తరువాత పరిచారకులను దారిలో పెట్టడం మొదలుపెట్టారు. మేము ఆయన చేసిన పనులన్నిటిలో దీనినే పెద్దదిగా ఎంచుతాము.

ఎలా దారిలో పెట్టారు? ఆయన పద్ధతి చాలా సాదా. ముందు ఒళ్ళు బాగుండాలి: శుభ్రమైన గాలి, మంచి తిండి, వేడినీళ్ళ స్నానం, వ్యాయామం. తరువాత చేతులు. భోజనాల బల్ల దగ్గర అందరూ కత్తి, ముల్లు వాడి తినాలి. మనకు అది పెద్ద విషయంగా తోచదు. ఆ దేశంలో మాత్రం చెంచాతో తినిపించే బిడ్డకు, బల్ల దగ్గర అందరితో కూర్చుని తినే మనిషికి మధ్య ఉన్న దూరమంతా ఆ కత్తీ ముల్లులోనే ఉంది. ఆ తరువాత నాలుక. మాట ముద్దగా వచ్చే బిడ్డలకు నాలుకకు, పెదవులకు వ్యాయామం చేయించి పలుకు తేర్చేవారు. డబ్బు విలువ తెలియడానికి ఉత్తుత్తి దుకాణం పెట్టించేవారు. ఒక బిడ్డ శెట్టి, మిగిలినవారు బేరగాళ్ళు. తూకం వేయాలి, చిల్లర లెక్కపెట్టి ఇవ్వాలి. మందుల దుకాణంలో పెరిగినవానికి ఆ పాఠం విలువ తెలియకుండా ఉంటుందా? చేయగలిగినవారికి వడ్రంగం, తోటపని. మంచిగా చేస్తే ఇష్టమైనది ఇవ్వడం, చేయకపోతే అది ఆపడం. అంతకు మించిన శిక్ష లేదు.

ఇవన్నీ చేసేది డాక్టరు కాదు. పొద్దున లేపి, మొహం కడిగి, రాత్రి దుప్పటి కప్పే పరిచారకులు. ఒక గుండీ పెట్టుకోవడం నేర్పడానికి కొన్ని నెలలు పట్టవచ్చు. నూరవసారి కూడా మొదటిసారి వలెనే చూపించాలి. డాక్టరు ఎంత చెప్పినా ఆ ఓపిక లేని పరిచారకుడు ఉంటే పని అక్కడే ఆగిపోతుంది. నేటి నర్సింగులో ఇటువంటి పనికి వేరే పేరు, వేరే శిక్షణ వచ్చాయి. ఆ రోజుల్లో అది ఆయాల పని.

1860లో ఆయన మేరీ క్రెలిన్ అనే ఆమెను వివాహమాడారు. ఆమె ఎర్ల్స్‌వుడ్‌లోనే కాపురముండి, జీతం లేకుండా భర్తతో సమంగా పని చేశారు. ఆమెను గూర్చి మళ్ళీ చెప్పుకుందాము.

1866లో డౌన్ ఒక చిన్న వ్యాసం ప్రకటించారు. ఆయన పేరు నిలిచింది దానివల్లనే, ఆయన మీద నింద వచ్చింది కూడా దానివల్లనే. శరణాలయంలోని బిడ్డలను ఆయన శ్రద్ధగా పరీక్షించి, తలలు కొలిచి, నోళ్ళు చూసి, రెండు వందలకు పైగా ఫోటోలు తీశారు. వారిలో కొందరు ఒకే తల్లి బిడ్డలవలె ఒకరినొకరు పోలి ఉండడం గమనించారు. కన్నులు, నాలుక, చిన్న ముక్కు, మెత్తని కండరాలు, హాస్యం, ఇతరులను అనుకరించే నేర్పు, మొండితనం అన్నీ రాశారు. చలికాలంలో వారు నీరసపడతారనీ, ఎండాకాలంలో నేర్చినదానిలో కొంత మరచిపోతారనీ రాశారు. శిక్షణ ఇస్తే చేతులూ మాటా ఎంతో బాగుపడతాయని కూడా రాశారు.

ఆ వ్యాసం మొదటి భాగంలో నర్సులకు సంబంధించిన మాట ఒకటి ఉంది. దీనిని ఎవరూ ఎక్కువగా చెప్పరు. ఆ రోజుల్లో కలిగినవారి ఇండ్లలో బిడ్డను పెంచేది ఆయా. బిడ్డ మందబుద్ధి అని తెలియగానే నేరం ఆమె మీద పడేది: నల్లమందు పట్టి నిద్రపుచ్చిందేమో, కింద పడవేసిందేమో అని. నల్లమందు సంగతి మన దేశపు అమ్మమ్మలకూ కొత్త కాదు. ఇది పుట్టుకతో వచ్చిన స్థితి అని డాక్టరు గుర్తుపట్టి చెప్పగలిగితే, ఏ తప్పూ చేయని మనిషి నింద నుండి బయటపడుతుంది. గుర్తులను అంత జాగ్రత్తగా పట్టుకోవడంలో ఆయన ఉద్దేశాలలో ఇది ఒకటి.

ఆయన చేసిన తప్పును దాచడం మాకు ఇష్టం లేదు. ఆ బిడ్డల ముఖాలు మంగోలియా జాతివారిని పోలి ఉన్నాయనీ, యూరోపు తలిదండ్రులకు వేరే జాతి పోలికతో బిడ్డలు పుడుతున్నారనీ ఆయన తలచారు. జాతులను పై మెట్టు, కింది మెట్టు అని పేర్చే ఆ కాలపు ఆలోచన ఆయనలోనూ ఉంది. తలిదండ్రుల క్షయవ్యాధి దీనికి కారణమని అన్నారు. రెండూ తప్పే. ఆ వ్యాసం పెట్టిన పేరు వంద ఏండ్లు ఆ బిడ్డలను, ఒక దేశ ప్రజలను కూడా అవమానపరచింది. అయితే అదే వ్యాసం చివర ఆయన చేసిన వాదన వేరు. ఒక జాతి తలిదండ్రులకు ఇంకొక జాతి పోలికతో బిడ్డలు పుట్టగలిగితే, జాతుల మధ్య తెంచరాని గోడ లేదు, మానవజాతి అంతా ఒకటే అన్నారు. అమెరికాలో బానిసత్వం కోసం జరిగిన యుద్ధం ముగిసి అప్పటికి ఏడాది. నల్లవారు వేరే జాతి జీవులని వాదించే పండితులు ఉన్న రోజులు. తప్పు మెట్ల మీద ఎక్కి సరైన చోటికి వచ్చారని మాకు తోస్తుంది. ఆడపిల్లలకు పెద్ద చదువులు చెప్పిస్తే మందబుద్ధి బిడ్డలు పుడతారని కొందరు డాక్టర్లు చెప్పినప్పుడు కూడా ఆయన దానిని ఒప్పుకోలేదు.

ఎర్ల్స్‌వుడ్‌లో జేమ్స్ హెన్రీ పుల్లెన్ అనే యువకుడు ఉండేవాడు. చెవులు వినబడవు, మాట సరిగా రాదు. వడ్రంగంలో మాత్రం అతనికి సాటి లేరు. అతడు చెక్కిన ఓడల నమూనాలు చూడడానికి పెద్దపెద్దవారు వచ్చేవారు. ఇటువంటి విచిత్రమైన ప్రతిభను గూర్చి డౌన్ తరువాత ఉపన్యాసాలలో వివరించారు. 1867లో పారిస్ ప్రదర్శనకు ఆశ్రమవాసుల చేతిపనులు పంపించినప్పుడు, ఆ ఖర్చు విషయంలో కమిటీకీ ఆయనకూ పొసగలేదు. 1868లో ఆయన రాజీనామా చేశారు.

అదే ఏడాది లండను దగ్గర టెడింగ్టన్‌లో ఒక ఇల్లు కొని, నార్మన్స్‌ఫీల్డ్ అని పేరు పెట్టి, మేరీ గారూ ఆయనా సొంతంగా ఒక నిలయం తెరిచారు. మొదట 19 మంది. ఇది డబ్బు కట్టగలిగిన కుటుంబాల కోసం. పేదల శరణాలయం వదిలి కలవారి బిడ్డలను చూసుకున్నారని ఎవరైనా అంటే, ఆ మాటలో కొంత నిజముంది. కాని కలవారి ఇండ్లలోనే ఈ బిడ్డలను ఎక్కువగా దాచేవారు. అతిథులు వస్తే పై గదిలో తాళం పెట్టేవారు. ఇక్కడ వారికి చదువు, తోట, వర్క్‌షాపులు, సంగీతం దొరికాయి.

డౌన్ పగలు లండనులో హార్లీ స్ట్రీట్‌లో రోగులను చూసేవారు, లండను హాస్పిటల్‌లో పని చేసేవారు. కనుక నార్మన్స్‌ఫీల్డ్‌ను రోజువారీగా నడిపింది మేరీ గారే. పనివారిని ఎంచుకోవడం, వంట, బట్టలు, లెక్కలు, తలిదండ్రులకు ఉత్తరాలు అన్నీ ఆమె చేతి మీదుగా నడిచాయి. ఆమె పేరు మీద ఏ వ్యాధీ లేదు, ఏ వ్యాసమూ లేదు. 1879లో అక్కడ ఒక నాటకశాల కట్టారు. పరిచారకులను తీసుకునేటప్పుడు పాడడం, వాయించడం, నటించడం వచ్చునా అని చూసేవారు. వార్డులో పని చేసేవారే సాయంత్రం వేదిక ఎక్కి బిడ్డల ముందు ఆడి పాడాలి. నర్సుకు పాట రావాలనే నియమం ఇంకెక్కడా మేము వినలేదు గాని, మన సండే స్కూలు టీచర్లకు ఇందులోని తెలివి వెంటనే అర్థమవుతుంది.

1887లో ఆయన ఇచ్చిన ఉపన్యాసాలలో ఈ బిడ్డలను మూడు విధాలుగా చెప్పారు: పుట్టుకతో అలా ఉన్నవారు, దెబ్బ వల్లనో జబ్బు వల్లనో అయినవారు, కొంతకాలం బాగా పెరిగి ఎదుగుదలలో ఒక మలుపు దగ్గర వెనుకపడినవారు. ఎదుగుదలకు సంబంధించిన వైకల్యం అనే నేటి మాటకు పోలిక ఆయన మాటల్లో అప్పుడే కనబడుతుంది.

1896 అక్టోబరు 7న ఆయన మరణించారు. వయసు 67. కుమారులు రెజినాల్డ్, పెర్సివల్ ఇద్దరూ డాక్టర్లై, నార్మన్స్‌ఫీల్డ్ పనిని కొనసాగించారు. 1905లో రెజినాల్డ్‌కు ఒక కుమారుడు పుట్టాడు. ఆ బిడ్డకు తాత వర్ణించిన లక్షణాలే ఉన్నాయి. తాత పేరే, జాన్ అని పెట్టారు. అతడు కుటుంబం మధ్యనే, నార్మన్స్‌ఫీల్డ్‌లో 1970 వరకు జీవించాడు. అటువంటి బిడ్డలు ఎక్కువమంది చిన్నతనంలోనే పోయే కాలంలో అతడు 65 ఏండ్ల వరకు బతికాడంటే, ఆ ఇంటి పరిచర్య ఎటువంటిదో ఊహించవచ్చు.

అసలు కారణం 1959లో తెలిసింది. మనిషి కణంలో క్రోమోజోములు జతలుగా ఉంటాయి. 21వ జతలో ఈ బిడ్డలకు రెండు బదులు మూడు ఉంటాయి. ఫ్రాన్సులో లెజూన్ బృందం దీనిని ప్రకటించింది. అందులో కణాలను పెంచి చూపిన మార్తా గోతియే అనే వైద్యురాలి పేరు చాలా కాలం వెనుకనే ఉండిపోయింది. 1961లో కొందరు శాస్త్రజ్ఞులు పాత జాతి పేరు మానుకోవాలని కోరారు. 1965లో మంగోలియా దేశం అడిగినందున ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని విడిచిపెట్టింది. డౌన్ పేరు ఆ విధంగా వచ్చింది, ఆయన పెట్టుకున్నది కాదు. ఈ బిడ్డలలో దాదాపు సగం మందికి గుండెలో లోపం ఉంటుంది. గుండె ఆపరేషన్లు, యాంటీబయాటిక్ మందులు వచ్చాక, మంచి వైద్యం దొరికే దేశాల్లో వారు సగటున 60 ఏండ్ల వరకు జీవిస్తున్నారు. తలిదండ్రుల తరువాత కూడా బతికే ఈ పెద్దవారిని ఎవరు చూడాలి అన్నది మన తరానికి వచ్చిన కొత్త ప్రశ్న.

నార్మన్స్‌ఫీల్డ్ 1951లో ప్రభుత్వ ఆసుపత్రి అయింది. తరువాత అక్కడ జరిగినది బాధాకరం. భవనాలు పాడయ్యాయి, సిబ్బంది చాలలేదు, పరిచర్య దిగజారింది. 1976 మే 5న అక్కడి నర్సులు అధికారి తీరుకు నిరసనగా సమ్మె చేశారు. విచారణ జరిగి, 1978లో వచ్చిన నివేదిక పరిపాలనను ఘాటుగా తప్పుపట్టింది. నూరేండ్ల కిందట నాటకశాల కట్టించిన చోటనే ఇది జరిగింది. 1997లో ఆసుపత్రి మూతపడింది. ఆ నాటకశాల నేటికీ ఉంది. పుల్లెన్ ఓడల నమూనాలను కూడా అక్కడి మ్యూజియంలో చూడవచ్చు.

ఇంగ్లండులో మందబుద్ధివారికి పరిచర్య చేసే నర్సింగు ఇప్పుడు వేరే శాఖ. అక్కడ నర్సులు రిజిస్టరు కావడానికి ఉన్న నాలుగు శాఖలలో అది ఒకటి. మన దేశంలో నర్సింగు కోర్సులో అది ఇంకా మానసిక వ్యాధుల పాఠంలో ఒక అధ్యాయం. ఇష్టమున్న నర్సు ఆపైన వేరే శిక్షణ పొందవలసిందే. సికింద్రాబాదు బోయినపల్లిలోని మనోవికాస్ నగర్‌లో 1984లో కేంద్ర ప్రభుత్వం జాతీయ సంస్థను స్థాపించింది. ఆ సంస్థ పేరులోని పాత మాటను తీసివేసి, ఇప్పుడు నీపిడ్ అని పిలుస్తున్నారు. ప్రత్యేక విద్యలో డిప్లొమా, బి.ఎడ్. వంటి కోర్సులు అక్కడ ఉన్నాయి, బిడ్డలను పరీక్షించి తలిదండ్రులకు నేర్పే విభాగమూ ఉంది. మహారాష్ట్రలోని మనవారికి నవీ ముంబయిలో దాని ప్రాంతీయ కేంద్రం దగ్గర. చెన్నైవారికి ముట్టుకాడులో 2005లో మొదలైన మరొక జాతీయ సంస్థ, బెంగుళూరువారికి నిమ్హాన్స్ ఉన్నాయి. బిడ్డ మెడ నిలపడం, కూర్చోవడం ఆలస్యమైతే, పెద్దవాడైతే సర్దుకుంటుందిలే అని రెండు మూడేండ్లు ఆగకుండా మొదటి నెలల్లోనే చూపించాలి. నాలుకకూ చేతికీ నేర్పడం ఎంత ముందు మొదలుపెడితే అంత మేలు.